ఈరన్న స్వామికి రెండు అర్జీలు

పత్తికొండ,
ఆగస్టు చివరి శుక్రవారం.

చిరంజీవి శ్రావణికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, మీ నాన్న ఎడమ చెయ్యి ఒక్కటి తప్ప. అక్కడ నువ్వూ, నీ చిన్న విమానమూ, పప్పులో చక్కెర వేసి పెట్టే మీ హాస్టల్ వంటాయనా అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

చెయ్యి సంగతి విని కంగారు పడొద్దు. మీ నాన్న మార్కెట్లో నిలబెట్టిన టమాటా లారీ ఎక్కి, బాక్సులు ఎట్లా పేర్చాలో హమాలీలకు చూపించబోయి కింద పడ్డాడు. పుట్టినప్పటి నుంచి అదే పని చేసేవాళ్లకు ఈయన పాఠం చెప్పాలా? "కాలు జారిందిలేవే, దానికింత రాద్ధాంతమా" అంటాడు. కర్నూలుకు తీసుకుపోయి కట్టు వేయించాం. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి భోజనానికి ఢోకా లేదు. కాకపోతే మండీకి పోకుండా ఇంట్లో కూర్చున్నాడు కదా, నా వంటకూ, వాళ్లమ్మ మీ జేజి చూసే సీరియళ్లకూ, పక్కింటి కోడికీ వంకలు పెడుతున్నాడు.

ఇంత చిన్న సంగతికి ఫోన్ చాలదా అంటావేమో. ఫోన్లో నేను సగం మాట చెప్పేలోపల మీ నాన్న లాక్కుంటాడు, మిగతా సగం మీ జేజి లాక్కుంటుంది. పైగా నీకు చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. అది నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. రాస్తే వస్తుందేమో చూద్దాం.

ముందు నువ్వు అడిగిన వాటికి జవాబులు. టీచరమ్మను కదా, ఒక ప్రశ్న వదిలేస్తే నాకు తోచదు. జేజి మోకాళ్లు బాగానే ఉన్నాయి. పనులు చెప్పినప్పుడు నొస్తాయి, పేరంటానికి పిలిస్తే తగ్గిపోతాయి. నీకు చెనిగ్గింజల పొడి పార్సిల్ చేశాను. మీ రూంలో పిల్లలకు పెడుతున్నావని తెలిసి రెండింతలు కొట్టాను. ఇక నువ్వు అడగకుండా ఉత్తరం చివర రాసిన మాట ఒకటుంది. "సోలో మళ్ళీ వాయిదా పడిందమ్మా. తోటివాళ్లందరూ పక్కన సారు లేకుండా ఒంటరిగా ఒక చుట్టు తిరిగి దిగేశారు. నాకు ఒకసారి మబ్బులు, ఒకసారి మా సారుకు జ్వరం, ఒకసారి విమానమే రిపేరు. ఎవరి దిష్టి తగిలిందో. ఇంక నా వల్ల కాదు, వచ్చేస్తాను." దానికీ జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టు.

మొదటి టపా విమానం కథ రాయమన్నావు కదా. పోయిన నెల మా పిల్లలను ఓర్వకల్లు విమానాశ్రయానికి తీసుకుపోయి చూపించాం. మర్నాడు క్లాసులో చెప్పిందే నీకూ రాస్తున్నాను, మీ వాళ్లకు చెప్పి గొప్పలు పోవచ్చు.

1932 అక్టోబరులో కరాచీ నుంచి ఒక బుల్లి విమానం లేచింది. పేరు పస్ మాత్. ఒకటే ఇంజను. రెక్కలు చెక్కతో కట్టి, మీద గుడ్డ బిగించి, ఆ గుడ్డ బిర్రుగా నిలిచేందుకు ఏదో పూత పూసేవాళ్లట. అచ్చం మనం కాటన్ చీరకు గంజి పెట్టినట్టు. లోపల పైలట్ ఒక్కడే. మిగతా చోటంతా ఉత్తరాల సంచులు. కిందివాళ్లతో మాట్లాడడానికి రేడియో కూడా లేదు. అహ్మదాబాదులో దిగి పెట్రోలు పోయించుకుని బొంబాయి చేరాడు. ఆ నడిపినాయన ఎవరో కాదు, ఆ విమానాల కంపెనీ పెట్టిన టాటాల ఇంటి కుర్రవాడే. బొంబాయిలో ఆ సంచులు ఇంకో పైలట్ అందుకుని బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసుకుపోయాడు. బళ్ళారే శ్రావణీ! మీ నాన్న జీన్స్ ప్యాంటు కొనుక్కొచ్చి, వేసుకోవడానికి సిగ్గుపడి బీరువాలో దాచిన ఆ బళ్ళారే!

ఆ గుడ్డ రెక్కలే పెరిగి పెద్దవై ఎయిరిండియా అయింది. నలభై ఎనిమిదిలో లండన్ దాకా ఎగిరింది. యాభై మూడులో ప్రభుత్వం చేతికి వచ్చింది, ఇదిగో మొన్న రెండు వేల ఇరవై రెండులో మళ్ళీ పెట్టినవాళ్ల దగ్గరికే చేరింది. ఇంట్లో ఈ పాఠం సిద్ధం చేసుకుంటూ పైకి చదువుతుంటే మీ జేజి విని, "ఇన్నేండ్లు కాపురం చేసి ఇప్పుడు పుట్టింటికొచ్చిందా పాపం! పోనీలే, యాడున్నా సల్లగుండనీ" అని దీవించింది.

అంతటితో ఊరుకుంటే ఆమె మీ జేజి ఎందుకవుతుంది? ఆ విమానాన్ని తమ వాళ్లు చూశారని పట్టుబట్టింది. కోసిగి దగ్గర వాళ్ల పుట్టిల్లు కదా. అప్పటికి వాళ్ల నాయన అయిదారేళ్ల పిల్లాడట. కళ్లంలో ఆడుకుంటుంటే బళ్ళారి దిక్కున మబ్బుల్లో బుర్రుమని చప్పుడు వచ్చిందట. ఆ పిల్లాడి తల్లి, అంటే మీ జేజికి జేజి, పైకి చూసి, "అయ్యో, ఎంత గద్ద!" అని కేకేసి, కోడిపిల్లలను గబగబా గంప కింద మూసిపెట్టి, ఇంకో గంప తెచ్చి ఈ పిల్లాణ్ని కూడా మూసి, దాని మీద తను కూర్చుందట! "చప్పుడు పోయినంక గూడా ఆయమ్మ లేవలే. లోపల మా నాయన ఒగటే ఏడుపు" అని చెప్పి జేజి పడీ పడీ నవ్వింది. "అత్తా, టపా విమానం దారి కోసిగి మీదుగా ఉండకపోవచ్చు, అది వేరే దొరలెవరిదో అయ్యుంటుంది" అని నేనంటే, "నీ పుస్తకం రాసినోడు ఆ గంప కిందున్యాడా? మా నాయన ఉన్యాడు" అంది. ఇంకేం మాట్లాడతాం!

క్లాసులో ఈ గంప కథ చెప్తే పిల్లలు ఒకటే గోల. నవ్వులన్నీ అయ్యాక క్రిస్టినా అనే పిల్ల లేచింది. "టీచర్, ఆ గుడ్డ ఇమానంలో ఒంటిగా పోయినాయన వాళ్లమ్మ ఏమీ అన్లేదా?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఎన్ని ఉత్తరాలు మోశాడో, ఎక్కడెక్కడ దిగాడో అన్నీ రాస్తారు కానీ, ఇంట్లో కూర్చున్నవాళ్లు ఆ పూట ఏం చేశారో ఎవరు రాస్తారు? రేపు చెప్తానని బెల్లు కొట్టకముందే బయటికి వచ్చేశాను. ఎందుకంటే నేనేం చేశానో నాకు తెలుసు.

ఇక చెప్తాను. నవ్వితే నవ్వు, తిడితే తిట్టు.

వేసవిలో నిన్ను గుంతకల్లులో రైలెక్కించినప్పుడు నేను ఏడవలేదు, గుర్తుందా? మీ నాన్నే తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. స్కూల్లో అందరికీ మైసూర్‌పాకు పంచాను. మా అమ్మాయి పైలట్ కోర్సులో చేరిందని హెడ్మాస్టరుతో మొదలుపెట్టి బస్సు కండక్టరు దాకా చెప్పాను. ఆ వారంలోనే తలస్నానం చేసి, రూపాయి బిళ్ల ఒకటి పసుపు గుడ్డలో మూటగట్టి, ఉరుకుంద ఈరన్న స్వామికి ముడుపు కట్టాను. ఏమని? "స్వామీ, నా బిడ్డ ఒంటరిగా ఆకాశంలోకి పోకుండా చూడు. మనసు మార్చుకుని ఇంటికొచ్చేస్తే నీ గుడికొచ్చి తలనీలాలిస్తాను" అని. దాన్ని దేవుడి గూట్లో పటం వెనక దాచాను. ఎవరు? నేను! పిల్లి ఎదురైతే ఆగొద్దని ఎనిమిదో తరగతికి పాఠం చెప్పే నేను!

నువ్వు "వచ్చేస్తాను" అని రాసిన ఉత్తరం అందిన రోజు నా మొక్కు ఫలించినట్టే కదా. ఎగిరి గంతెయ్యాలి. అన్నం సహించలేదే తల్లీ. ఆ నాలుగు మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను. చిన్నప్పటి నుంచి నువ్వు ఏ పనీ సగంలో వదిలింది లేదు. ఇంత దిగులుగా రాసింది నా కూతురేనా అనిపించింది.

ఆ మర్నాడే వరలక్ష్మీ వ్రతానికని దేవుడి గూడు కడగబోయాను. పటం తీస్తే వెనక రెండు ముడుపులున్నాయి. నేను కట్టింది ఒకటే కదా! పసుపు గుడ్డలకు పిల్లలు పుడతాయా అని నేను చూస్తుండగానే మీ జేజి వచ్చింది.

"ఆ పెద్దది నాదిలే" అంది. "పాప ఒంటిగా ఇమానం తోలల్లని ఈరన్నకు కట్టినా. ఆ చిన్నదెవురిది?"

నేను చిన్నదాన్ని కొంగు కిందికి లాక్కున్నాను.

"నీదేనా? నువ్వు గూడా కట్టినావా! నాతో ఒక మాట సెప్పుంటే ఇద్దరం ఒగటే కట్టుకుంటాంటిమి గదమ్మా."

"నాది అందుకు కాదత్తా" అన్నాను.

"మరెందుకు?"

"పోకూడదని."

మీ జేజి పీట లాక్కుని కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగి ఊగి నవ్వింది. "అందుకేనా ఆ పిల్లకు ఒకపారి మోడం, ఒకపారి జరం! ఆ స్వామి మాత్రం ఏం జేస్తాడు? అత్తొక అర్జీ, కోడలొక అర్జీ! ఆయప్ప ఎవురి మాట ఇనల్ల?"

నాకు మాత్రం ఏడుపొచ్చింది. "భయమత్తా. పక్కన ఎవరూ లేకుండా అంత ఎత్తున... ఏమన్నా అయితే?" అన్నాను.

ఆమె నవ్వాపి నా చెయ్యి పట్టుకుంది. "నా కొడుకు నిలబెట్టిన లారీ మింద నుంచి పడినాడే, అదేమన్నా ఆకాశంలో ఉండాదా? భయం నాకు లేదనుకున్యావా? శానా ఉండాది. అందుకే ముడుపు కట్టినా. మా జేజి మా నాయన్ని గంప కింద పెట్టింది, నువ్వు బిడ్డను పసుపు గుడ్డలో కట్టినావు. గంపకైతే సందులుంటాయి, లోపలికి గాలన్నా పోతాది. దీనికి అది గూడా లేదు కదమ్మా."

విప్పేస్తానని చెయ్యి పెడితే ఒప్పుకోలేదు. కట్టినవాళ్లే విప్పాలట, అదీ ఇంట్లో కాదు, స్వామి ఎదుట తప్పైందని చెప్పుకుని విప్పాలట. సరే, సోమవారం సెలవు పెట్టి ఉరుకుందకు బయలుదేరాం. మీ నాన్నకు నిజం చెప్పలేదు, చెయ్యి బాగుపడాలని మొక్కుకున్నామన్నాం. తన కోసం పెళ్లాం, తల్లి ఇంత దూరం వస్తున్నారని ఆయన ఆదోని దాకా మురిసిపోతూనే ఉన్నాడు. శ్రావణ సోమవారం కదా, జనం తోసుకుంటున్నారు. చెయ్యి కట్టు చూసి అందరూ దారి ఇచ్చారు, ఆయన వెనకాలే మేమూ జొరబడ్డాం. పాపం, ఆ విధంగా నీకు మీ నాన్న చెయ్యి కూడా సాయం చేసింది. ఆయన దండం పెట్టుకుని ముందే బయటికి పోయాడు.

"ఏమ్మా, మొక్కు తీరిందా?" అని పూజారి అడిగాడు.

"తీరకూడదు స్వామీ. అందుకే వచ్చాను" అన్నాను. తలదించుకుని సంగతంతా చెప్పాను.

తిడతాడనుకున్నాను. ఆయన హారతి పళ్లెం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, "ఇప్పు ఇప్పు. ఈడికొచ్చే తల్లుల్లో సగం మంది బిడ్డల్ని కొంగు దాటనియ్యొద్దనే అడుగుతారు. ఇప్పుకునేకి వచ్చిందానివి నువ్వొక్కదానివే" అన్నాడు.

ఎంత బిగించి కట్టానో ఏమో, ముడి రాలేదు. వెనక జనం తోస్తున్నారు, మీ జేజి "తొందరగా కానియ్యమ్మా" అంటోంది. చివరికి పళ్లతో లాగితే ఊడింది. రూపాయి హుండీలో వేశాను. తప్పైంది స్వామీ అన్నాను. ఇంకేమీ అడగలేదు, దండం పెట్టుకుని బయటికి వచ్చేశాను. నాన్న అక్కడ మిరపకాయ బజ్జీలు తింటూ, చెయ్యి నొప్పి అప్పుడే తగ్గినట్టుందని అందరికీ చెబుతున్నాడు.

మబ్బులకూ, మీ సారు జ్వరానికీ నా ముడుపు కారణం కాదని నాకు తెలియక కాదు. తెలిసినా, అది విప్పేదాకా నా మనసు కుదుటపడలేదు. నువ్వు దిష్టి తగిలిందని రాస్తే, అది నా దిష్టేనని సిగ్గుతో చచ్చిపోయాను. క్రిస్టినాకు ఇన్నాళ్లూ బాకీ పడ్డ జవాబు కూడా గుడి నుంచి వచ్చిన మర్నాడే చెప్పేశాను: ఆ పైలట్ వాళ్లమ్మ సంగతి తెలియదు కానీ, ఒక పైలట్ అమ్మ మాత్రం చాలా భయపడింది, భయపడుతూనే సరేనంది అని. "ఎవురు టీచర్?" అన్నారందరూ. పుస్తకాలు తీయండి అన్నాను.

కాబట్టి నువ్వు రావద్దు. కోపం కాదు తల్లీ, బతిమాలి చెప్తున్నాను. మబ్బులు పోతాయి, సారుకు జ్వరం తగ్గుతుంది, విమానం బాగవుతుంది. తోటివాళ్లు ముందు పోతే పోనీ, ఆకాశమేమన్నా బస్సులో సీటా, వాళ్లు కూర్చుంటే నీకు లేకుండా పోవడానికి? జేజి ముడుపు ఇంకా గూట్లోనే ఉంది. అది నువ్వే తీర్చాలి. ఆమెనూ, ఆమె మోకాళ్లనూ వెంటబెట్టుకుని ఉరుకుంద దాకా మళ్ళీ రావడానికి నేను రెడీ.

ఒక్కటి మాత్రం నా మాట విను. ఎప్పుడు ఒంటరిగా ఎక్కుతావో ముందుగా నాకు చెప్పొద్దు. రేపు అని తెలిస్తే నా మీద నాకు నమ్మకం లేదు, ఇంట్లో పసుపుకూ గుడ్డకూ కరువు లేదు. ఎక్కు, తిరుగు, దిగు. దిగినాక ఫోన్ చెయ్యి. క్లాసులో ఉన్నా ఎత్తుతాను. హలో అనొద్దు, ఎట్లా ఉన్నావని అడగొద్దు. "దిగినానమ్మా" అను. అంతే చాలు, మిగతా ఏడుపంతా నేను చూసుకుంటాను.

ఇట్లు,
నువ్వు దిగేదాకా కిందే నిలబడి ఉండే
మీ అమ్మ