మూడో నంబరు సంచిలో మా ఇంటి గాలి

శ్రీయుత డైరెక్టర్ గారి సముఖమునకు,
ప్రాంతీయ పర్యావరణ పరిరక్షణ సంస్థ, దుర్వాసనల విభాగం.

అర్జీదారు: ఒరెస్తే గావియోలి, వయస్సు 64, వాల్ బ్రుస్కా లోయ, రోంకాలే గ్రామం. వృత్తి: మేకపాల చీజ్ తయారీ. ఏడేళ్లుగా తమ సంస్థలో గుర్తింపు పొందిన ముక్కు.

విషయం: మూడో నంబరు సంచిలోని గాలిని నేను వాసన చూచిన విధమును గూర్చియు, తత్ఫలితముగా నా సొంత నేలమాళిగనే మూసివేయవలెనని వచ్చిన ఉత్తర్వును గూర్చియు.

అయ్యా,

పై విషయమై తమకు సవినయముగా తెలుపుకొనునది:

1. తమ సంస్థలో వాసన కొలిచే యంత్రం ఉన్నది గానీ దానికి ముక్కు లేదు. అందుచేత నలుగురు మనుషులను కూర్చోబెడతారు. ఫిర్యాదు వచ్చిన చోటి గాలిని సంచిలో పట్టి తెచ్చి, మంచి గాలితో బాగా పలుచన చేసి, గొట్టంలోంచి మా ముక్కులకు వదులుతారు. వాసన తెలిసిన క్షణాన మీట నొక్కాలి. తెలియకపోతే మెట్టుమెట్టుగా చిక్కన చేస్తారు. ఎంత పలుచనలో తెలిస్తే అంత పెద్ద దుర్వాసన అని లెక్క. పరీక్ష పూట కాఫీ తాగరాదు, వెల్లుల్లి తినరాదు, సెంటు పూసుకోరాదు. ఈ నియమాలను నేను ఏనాడూ తప్పలేదు. ఆ రోజుల్లో నా భార్య ఎర్మెలిందా నా ఎదురుగా కూర్చుని కావాలని రెండు కప్పుల కాఫీ తాగుతుంది. ఇది ఫిర్యాదు కాదు, సమాచారార్థం మాత్రమే.

2. కింది లోయలో కొమ్ములూ ఎముకలూ ఉడికించి ఎరువు చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పదకొండేళ్లు అక్కడి జనం ఎండాకాలంలో కూడా కిటికీలు బిగించుకుని భోంచేశారు. మూడేళ్ల క్రితం కోర్టు దాన్ని మూయించింది. ఆ కేసులో ప్రధాన సాక్ష్యం నా ముక్కు. యజమాని వేసిన అప్పీలు ఇంకా నడుస్తున్నది. ఈ సంగతి తమరు మనసులో ఉంచుకోవలెను.

3. జూన్ పద్నాలుగున నన్ను పరీక్షకు పిలిచినారు. మొదటి రెండు సంచులూ మామూలే, కోళ్లఫారం, మురుగుకాలువ. మూడో సంచి గాలి వదిలారు. రెండో మెట్టులోనే మీట నొక్కాను. మిగతా ముగ్గురూ ఏడో మెట్టు దాకా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ప్రయోగశాల అధికారి డాక్టర్ ఫుల్వియా మరాంగోన్ గారు గొట్టాలు మార్చి మళ్లీ వదిలారు. మళ్లీ రెండో మెట్టే. మూడోసారీ అంతే.

"ఒరెస్తే గారూ, అంత కంపా?" అని అడిగారు.

"కంపు కాదండీ."

"మరి?"

"ఏమో, ఇల్లు గుర్తొచ్చింది. ఆకలి కూడా వేస్తోంది."

ఆమె ఫారం కేసి చూశారు. అందులో 'తెలిసినది', 'తెలియలేదు' అని రెండే గడులు. మొదటి గడిలో టిక్కు పెట్టారు. నా ముక్కు పుణ్యాన నలుగురి సగటు పరిమితి దాటింది. ఆ గాలి మా ఇంటిదేననీ, చీజ్ మాగబెట్టే నేలమాళిగను ముప్పై రోజుల్లో ఖాళీ చేయవలెననీ తొమ్మిదో రోజున ఉత్తర్వు నా పేరనే వచ్చింది.

4. (ఈ అంశం నా భార్య కొట్టివేసినది.)

5. ఉత్తర్వు వచ్చిన మధ్యాహ్నం మొక్కజొన్న సంకటి, అదే పొలెంటా, తింటూ, "ఎవడో మన మీద ఫిర్యాదు చేశాడు," అన్నాను.

"ఎవడో కాదు, నేనే," అంది ఎర్మెలిందా, చీజ్ తురుముతూ.

నేను చెంచా కింద పెట్టాను.

"అట్లా చూడకు. ముప్పై ఎనిమిదేళ్ల నుంచీ మొత్తుకుంటున్నా, పడకగది కింద ఆ సరుకు పెట్టొద్దని. విన్నావా? గవర్నమెంటు చెబితేనైనా వింటావని రాశాను."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"అనడానికి ఇంకేం మాట మిగిలిందయ్యా? నువ్వు మేకలతో కొండ మీదున్నప్పుడు ఇన్‌స్పెక్టరు వచ్చి సంచిలో పట్టుకెళ్లాడు. అక్కడ ఎవడో మహానుభావుడు మీట నొక్కుతాడులే అనుకున్నా. ఆ మహానుభావుడివి నువ్వేనని నాకేం తెలుసు?"

మూయించేస్తారని మాత్రం ఆమె అనుకోలేదట. గట్టిగా మందలించి వదిలేస్తారనుకుందట. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి తమ ఆఫీసుకు వచ్చి ఫిర్యాదు వాపసు ఇమ్మన్నది. కౌంటరులోని గుమాస్తా, "ఫిర్యాదు తీసుకుపోవచ్చమ్మా. వాసన మాత్రం ఫైలెక్కేసింది, దాన్ని దించే అధికారం మాకు లేదు," అని చెప్పినాడు.

6. డాక్టర్ ఫుల్వియా గారు మంచి మనిషి. స్వయంగా మా ఇంటికి ఒక కాగితం తెచ్చారు. "ఆ రోజు జలుబు చేసిందని ఒక్క సంతకం పెట్టండి చాలు. మీ లెక్క తీసేస్తే మిగతా మూడు ముక్కుల సగటు పరిమితి లోపలే ఉంది."

"జలుబు చేసిన ముక్కు అందరికన్నా ముందు నొక్కిందా డాక్టరుగారూ?"

"రూల్సులో ఆ ప్రశ్న లేదండీ."

కలం తీసుకున్నాను. కింద అరల మీద మాగుతున్న గుండ్రటి చీజ్ దిమ్మలు, చక్రాలంటాం, రెండువందల పద్నాలుగున్నాయి. రెండు రోజులకోసారి ఒక్కొక్కదాన్నీ చేత్తో తిప్పి పెడతాను. ఏది ఎటు వంగిందో కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ నా ముక్కు నమ్మదగినది కాదని నేనే రాసిస్తే, ఆ కాగితం ఫ్యాక్టరీ వకీలు చేతిలో పడటానికి ఎన్నాళ్లు పడుతుంది? కింది లోయ మళ్లీ కిటికీలు మూసుకోవాలి. కలం మూత తీసి, మళ్లీ పెట్టాను అయ్యా. డాక్టరుగారు చూపు తిప్పుకున్నారు.

పొయ్యి దగ్గర నుంచి ఎర్మెలిందా అన్నది: "పెట్టకయ్యా సంతకం. పోతే పోయింది చీజ్."

ఆ మాట ఆమె నోట వస్తుందని ముప్పై ఎనిమిదేళ్లలో అనుకోలేదు. అన్నాక గబగబా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది. వంటలో ఉల్లిపాయల అవసరమే లేదు.

7. ఈ సంగతి కింది లోయ బస్సు డ్రైవరు దుయిలియోకు తెలిసింది. ఆదివారం చర్చి కాగానే ఖాళీ బస్సు మా గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టాడు. "మా కిటికీలు తెరిపించిన ముక్కయ్యా అది! ఇంటికి అయిదో ఆరో ఇచ్చెయ్, మేం దాస్తాం," అన్నాడు. సాయంత్రానికి చక్రాలన్నీ నలభై ఒక్క ఇళ్లకు చేరినవి. ఉత్తర్వును గడువుకు నాలుగు రోజులు ముందే అమలు చేసితిని.

ఇప్పుడు రోజు విడిచి రోజు నేనూ ఎర్మెలిందా ఇల్లిల్లూ తిరిగి చక్రాలు తిప్పి వస్తున్నాము. ప్రతి ఇంట్లోనూ కూర్చోవాలి, ఒక గ్లాసు వైను తాగాలి, సలామీ మాంసం ముక్క తినాలి. లేకపోతే ఊరుకోరు. ఎంత తొందరపడినా రోజుకు పదకొండు ఇళ్లు దాటడం లేదు, చివరి ఇళ్లలో ఏం తిప్పామో మాకే సరిగా గుర్తుండటం లేదు; మిగతా ఇళ్లలో ఆ ఇంటివాళ్లచేతే తిప్పిస్తున్నాము. వాసన ఇప్పుడు నలభై ఒక్క చోట్ల ఉన్నది, ఎక్కడికక్కడ పరిమితి లోపలే. ఇళ్లన్నీ కలిపి లెక్కవేయమని ఏ రూలులోనూ లేదని విచారించి తెలుసుకున్నాను.

కావున తమరిని వేడుకొనునది ఉత్తర్వు రద్దు చేయమని కాదు. నా ముక్కు ఆ రోజు సత్యమే చెప్పినదని రికార్డులో ఉండనివ్వవలెను. ఫారములో 'గుర్తుపట్టినాను' అని మూడో గడి ఒకటి చేర్పించవలెను. జూన్ తరువాత నన్ను ఒక్క పరీక్షకూ పిలవలేదు. ఎప్పుడు పిలుస్తారో తెలియక ప్రతి ఉదయం కాఫీ మానుకొనియే ఉన్నాను, ఈ ఒక్క బాధనైనా తొలగించవలెను. నా మీద కాకపోయినా నా ముక్కు మీద దయయుంచి ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఒరెస్తే గావియోలి
(చేవ్రాలు)

తా.క. ఎర్మెలిందా ఇంతవరకు చదివి, బాగానే ఉందని చెప్పి, కవరు తేవడానికి వెళ్లింది. ఏడో అంశంలో చక్రాలన్నీ ఇల్లు దాటాయని రాశాను. దాటినవి రెండువందల పదమూడు. ఒకటి మంచం కింద, ఆమె పడుకునే వైపు, ఉన్ని శాలువాలో చుట్టి ఉంది. పెట్టింది ఆమే. రోజు విడిచి రోజు తిప్పుతోంది కూడా, అదీ సరిగ్గా నేను తిప్పినట్టే. నాకు తెలియదనుకుంటోంది. తమకు అబద్ధం రాయలేక రాస్తున్నాను. ఇన్‌స్పెక్టరును పంపక తప్పకపోతే పంపండి గానీ, పడకగదిలో గట్టిగా గాలి పీల్చవద్దని చెప్పండి. ఆమె కవరుతో వస్తోంది, ఇక ఆపుతాను.