మన పాప రాయికి నంబరు

నవ్య నాన్నగారికి,
నేనూ అత్తయ్యా బాగానే ఉన్నాం, కంగారు పడకండి. మీ ఫోను రొయ్యల చెరువులో పడిందని ఉత్తరం రాస్తున్నాను.

మన దిబ్బలో పూర్వకాలపు సమాధులున్నాయని పురావస్తు ఆఫీసువాళ్లు రాళ్లకు నంబర్లేసి చుట్టూ కంచె కట్టారు. మన నవ్యని పూడ్చిన చోట మీరు పెట్టిన రాయికీ పదిహేడు వేశారు. నేను పూలు పెట్టబోతే, "ముట్టుకోకమ్మా, మూడువేల ఏళ్లనాటిది" అన్నాడొకాయన. మన పిల్లకి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. చెబితే తీసేయిస్తారని నోరు మూసుకున్నాను. దిబ్బ తవ్వి మట్టి తోలుకుపోయే ట్రాక్టర్లు ఇక అటు రావు, అదొక్కటే ధైర్యం. మీరూ ఎవరితోనూ అనకండి.

దగ్గు తగ్గిందా? అత్తయ్యకి కంటి చుక్కలు తెండి. ఇది చదివి చింపేయండి. మీరొచ్చాక ఇద్దరం కంచె బయటే నిలబడి చూసొద్దాం.

నాగేశ్వరమ్మ