నాలుగు కాళ్ల నాడాలు

యెల్లివారె, ఉత్తర స్వీడన్, 1981 నవంబరు 20

అమ్మా సోల్వేగ్,

నేను క్షేమం, కారూ క్షేమం. పక్కింటి ఎవాల్డ్ కట్టెల గుట్టే కూలింది.

జారకుండా మేకులున్న మంచు టైర్లు నాలుగు చక్రాలకీ వేయించేదాకా నా మనవరాలు టీరాని నా కారెక్కించనని రాశావు. బండిని నెట్టేవి వెనక చక్రాలే కదా అని నేను వాటికే వేయించాను. మంగళవారం మలుపులో స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు జారి, బండి తిన్నగా ఆ గుట్టలోకి పోయింది.

ఎవాల్డ్ బయటికొచ్చి, "ఒరేయ్ హిల్డింగ్, నీ బండికి పోవడం వచ్చుగానీ తిరగడం రాదురా! మీ నాన్న చలికాలం గుర్రానికి రెండు కాళ్లకే మేకుల నాడాలు కొట్టించేవాడా?" అన్నాడు.

మా నాన్న నాలుగింటికీ కొట్టించేవాడు. ఆ గుర్రం ఓసారి చర్చిలోకి దూరింది గానీ, ఆ కథ కార్డులో పట్టదు.

నిన్న ముందు చక్రాలకీ వేయించాను, ఇప్పుడు నాలుగింటికీ మేకుల టైర్లే. కట్టెలూ తిరిగి పేర్చాను.

మీ ఆయన దగ్గు తగ్గిందా? వచ్చేటప్పుడు కాఫీపొడి తే. వెనక బరువుండాలని డిక్కీలో రెండు ఇసుక మూటలు వేసుకు తిరుగుతున్నాను. వచ్చే శనివారం రైలు దిగి నువ్వూ టీరా వెనక సీట్లో కూర్చుంటామంటే, వాటిని స్టేషన్లోనే దింపేస్తాను.

ముగ్గురికీ దీవెనలతో,
మీ నాన్న