మన కానాగంతలు

అక్కా, ఒంట్లో బానే ఉంది, కంగారుపడకు. ఈ కార్డు పోస్టుమాన్ చదివితే చదవనీ, నాన్నకి మాత్రం వినిపించకు.

మొన్న ఈ చలి రేవులో వల లాగితే కానాగంతలు పడ్డాయి. మన సముద్రం వేడెక్కి మనల్ని వదిలేసిపోయినవే! సొంతూరివాళ్ళు ఎదురైనంత సంబరపడ్డాను. ఇక్కడివాళ్ళు వాటినెప్పుడూ చూడలేదట. "ఇదేం చేప? తినొచ్చా, పారేద్దామా?" అన్నాడు మేస్త్రి. నా నోరు ఊరుకుంటేనా! "మా ఇంటి చేపండీ!" అని ముందుకు దూరి, అవి ఏ లోతులో తిరుగుతాయో, ఎంత పెద్ద కన్నులున్న వల వెయ్యాలో, నాన్న నాకొక్కడికే నేర్పినదంతా గడగడా అప్పజెప్పాను. మేస్త్రి భుజం తట్టాడు. తెల్లారేసరికి పెద్ద పడవలన్నీ అటే వెళ్ళాయి. సాయంత్రం రేవునిండా గుట్టలు. గుడ్లున్నవాటిని కూడా వదల్లేదు. తట్టల్లోకి ఎత్తింది నేనే. వేడికి తాళలేక, నాలాగే పొట్ట చేతబట్టుకుని వచ్చిన చుట్టాల్ని చేతులారా పట్టిచ్చానక్కా. తల కొట్టేసినట్టుంది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? వంటింటి చూరు ఇంకా కారుతోందా? నా పాత వలని ఎలకలు కొరక్కుండా పైన వేలాడదియ్యి. బావకి నమస్కారం, చంటిదానికి ముద్దులు.

రోజూ ఒట్టి వల దులుపుకుంటూ నాన్న "ఎటు పోయాయే ఇవన్నీ?" అని నిన్ను అడుగుతున్నాడని రాశావు. తమ్ముడికీ తెలీదట అని చెప్పు.