కుడిపక్క చోటు

అమ్మకు,

నీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని దీవెన అడుగుతున్నాననుకుని నీ బ్రిడ్జెట్ రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఆయన, పిల్లలు, నేను కులాసాగా ఉన్నాం. నాన్న కీళ్ళనొప్పులు తగ్గాయని చదివాక ప్రాణం కుదుటపడింది. నువ్వు లండన్ నుంచి పంపిన ఎండుద్రాక్ష చేరింది. సంచి పూర్తిగా విప్పేలోపే పిల్లలు సగం ఖాళీ చేశారు. నా దగ్గు తగ్గింది. తగ్గనిది ఏమిటో నీకు తెలుసు.

"చచ్చిపోయినదానితో పోటీ ఏమిటే, పిచ్చిదానా" అని రాశావు. నువ్వు బట్టలకొట్టు మేడ మీద కూర్చుని ఎన్నయినా రాస్తావు. ఇక్కడ నాతో పాటు కాపురం ఉండి చూస్తే తెలుస్తుంది. నేను థార్న్‌లీ ప్రభువు భార్యనన్న మాటే గానీ, ఈ ఇంట్లో పెత్తనమంతా ఆయన మొదటి భార్య లెట్టిస్‌దే. ఆవిడ నాటిన రోజాపొదను కత్తిరించనివ్వరు. దాని పక్కనుంచి నడిస్తే చాలు, నా గౌను చేతులు చిరుగుతాయి. వంటమనిషి సాసులో ఉప్పెక్కువ వేసి, ఆవిడ ఉన్నప్పుడు ఇలాగే వేయించేవారు అంటుంది.

ఇప్పుడు సమాధి పని మొదలైంది. బతికుండగానే కట్టించుకోవడం ఈ గొప్పింటివాళ్ళ పద్ధతి. సమాధి మీద పాలరాతి బొమ్మల్లో ఆయన నడుమ పడుకుంటారు, కుడిపక్క లెట్టిస్, ఎడమపక్క నేను. లోకం అంతమయ్యేదాకా నాది ఎడమపక్కే. ఆవిడ తండ్రి ప్రభువు, తాత ప్రభువు, మేనమామలంతా ప్రభువులే కాబట్టి ఆవిడ వైపు గోడ నిండా వంశచిహ్నాలు వేసిన డాళ్ళు. నా వైపు ఒక్కటే, నాన్న ఈమధ్య డబ్బు కట్టి సంపాదించినది. లెట్టిస్ కూతురు అర్సులా పుట్టింటికి వచ్చినప్పుడు దాన్ని చూసి, "పిన్నీ, మీ డాలుకి రంగింకా ఆరినట్టు లేదే" అంది. ఒళ్ళు మండిపోయింది.

కుడిపక్క నాకిమ్మని ఆయన్ని అడిగానా అని కూడా అడిగావు. అడిగాను. నవ్వి, "ముందొచ్చింది తనే కదా, బ్రిడ్జెట్" అన్నారు. అంతే.

ఇక అసలు సంగతి. ఇది చదివి ఉత్తరం పొయ్యిలో పడెయ్యి.

లెట్టిస్ చిత్తరువు ఒక్కటే ఉండేది. అది ఎప్పుడో పొగగొట్టం అంటుకున్నప్పుడు కాలిపోయింది. అందుకని శిల్పి గారెట్ పక్కన ఆయనే కూర్చుని ఆవిడ ముఖం ఎలా ఉండేదో చెబుతుంటే, గారెట్ ముందు మట్టితో తల చేశాడు. అది కుదిరాకే రాతిలోకి దించుతాడు. గారెట్ పనిచేసే కొట్టం ఛాయలకు కూడా నేను వెళ్ళలేదు. అర్సులా వెళ్ళింది, వెళ్ళి నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళింది.

"ఇది మా అమ్మ కాదు పిన్నీ, నువ్వు" అంది.

చూశాను. నా నుదురు, నా గడ్డం మీది సొట్ట, నా బుగ్గలు. ఆయన లెట్టిస్‌ను తలుచుకుంటూ నా ముఖం చెప్పారమ్మా. అర్సులా ఏడుస్తూ, "నాన్నకి చెప్పకు. అమ్మ ముఖం తనే మర్చిపోయానని తెలిస్తే ఆయన తట్టుకోలేరు" అని, తన ఊరికి బండెక్కింది.

నాకు గంతులెయ్యాలనిపించింది. గారెట్ దగ్గరకు వెళ్ళి, భేషుగ్గా కుదిరింది, ఆలస్యం చెయ్యకుండా రాతిలోకి దించమన్నాను. ఆ తర్వాత రోజూ ఏదో వంక పెట్టుకుని వెళ్ళి, ఆ మట్టి తలలో నన్ను నేను చూసుకుని, ఆయన కుడిపక్క నాదే అనుకుని మురిసిపోయాను. తల్లి ముఖం పోయిందని ఆ పిల్ల అంతలా ఏడ్చినా నాకు చీమకుట్టినట్టయినా లేదు.

మరి ఎందుకు మారానంటావా? మంచితనమేం కాదులే. ఒకరోజు దాన్ని చూస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. వలచి పెళ్ళాడిన మనిషినే ఇలా మర్చిపోతే, రేపు నేను పోయాక మూడో ఆవిడ వస్తుంది. అప్పుడు నా ముఖం చెప్పమంటే ఆయన ఎవరి ముఖం చెబుతారు? కనీవినీ ఎరుగని ఆ మూడోదాని మీద కూడా కుళ్ళుకున్నాను.

గారెట్ ఇంకా రాతికి ఉలి తాకించలేదు కాబట్టి, అర్సులాకు కబురు పంపాను. తను గారెట్ పక్కన కూర్చుని, కాస్త వంకర ముక్కు, కిందికి వాలిన కనురెప్పలు, ఒక్కొక్కటే గుర్తుచేసుకుని దిద్దించింది. ఆయనకు తెలియనివ్వలేదు. తల పూర్తయ్యాక ఆయన వచ్చి చూడటం నిన్నే. ఆ మట్టి చెంప నిమిరి, "లెట్టిస్" అన్నారు. ఆ గొంతుతో నన్ను ఒక్కనాడూ పిలవలేదమ్మా. నా వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటూ, "చూశావా బ్రిడ్జెట్, ఇన్నేళ్ళయినా ఒక్క గీత కూడా మర్చిపోలేదు నేను" అన్నారు.

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. అవునండీ అన్నాను.

ఇవాళ పొద్దున్నే గారెట్ టోపీ చేత్తో పట్టుకుని, అమ్మగారూ, ఇక మీ ముఖం ప్రభువు గారిని అడిగి మొదలుపెట్టనా అన్నాడు. ఎవర్నీ అడగనక్కర్లేదు, నేనే వచ్చి నీ ముందు కూర్చుంటానన్నాను. ఎడమపక్కయినా సరే, అక్కడ పడుకునేది నేనే అయ్యుండాలి.

ఇట్లు,
నీ దీవెన కోరే చిన్నకూతురు
బ్రిడ్జెట్