ఉల్లిపొరంత చర్మం

ఏమే, మన మనవరాలు దక్కింది, ఈరోజు అద్దాల పెట్టెలోంచి మన అమ్మాయి గుండెల మీదికి చేరింది. ఏడో నెలలో పుట్టిన పిల్ల కదా, ఒంటి చర్మం ఉల్లిపొరంతే. పొద్దున పెద్ద డాక్టరమ్మ, "ఈ పిల్లకు ప్లాస్టరు ఎలా తీస్తారు?" అని చిన్న డాక్టర్లను అడిగింది. ఒకతను "లాగేస్తామండీ" అన్నాడు. "ముందు నీ మీసానికి అంటించి లాగనా నాయనా?" అని, తడిదూది అద్దుతూ పావుగంట కూర్చుని ఆవిడే తీసింది. తోలు రవ్వంత కూడా లేవలేదు. నాకు ఏడుపాగలేదు.

ఒంటికి నూనె రుద్దొద్దన్నారు. నువ్విచ్చిన సీసా సంచిలోనే ఉంది, కోప్పడకు. మెత్తటి పాత నూలుచీర ఉతికి పంపు. నీ మోకాలి నొప్పి తగ్గిందా?

వియ్యపురాలికి, మా తమ్ముడికి, చిన్నమ్మాయికి చెప్పు. పిల్ల దక్కదన్న మీ అక్కయ్యకు మాత్రం వాళ్లింటికెళ్లి మరీ చెప్పు.