పూటకొక సీసా ఇంజిన్ ఆయిల్

బావమరిదికి మీ బావ ఆశీస్సులు.

ఫోన్ చేస్తే మీ మెకానిక్ షెడ్డు మోతలో సగం మాటలు మింగేస్తావు కనుక రాస్తున్నాను. మీ అక్క కారుకు ఆయిల్ మార్చే పని నేనే నెత్తినేసుకున్నాను. సోమవారం ఆవిడ యాభై కిలోమీటర్ల అవతల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేరాలి. కారు ఆగిందో, నా పరువు నడిరోడ్డు మీదే. ఇంజిన్ టర్బో, పైగా ‘డైరెక్ట్ ఇంజెక్షన్’ అట. ముప్పై నాలుగేళ్ళు కాంపౌండరుగా ఇంజెక్షన్లు పొడిచినవాణ్ణి, నాకు తెలియదా? కొట్టువాడు 0W-20 అని నీళ్ళలాంటిది చూపించాడు. నా మనసు చిక్కటి 20W-50 మీదే ఉంది. టానిక్కన్నాక చిక్కగా ఉండొద్దూ?

ఇట్లు,
మీ బావ

తా.క. ఇంజెక్షన్‌కు ముందు స్పిరిట్‌తో తుడవాలా?

బావగారికి నమస్కారాలు.

మీకు దణ్ణం పెడతాను, చిక్కది పోయకండి. టర్బో నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది, మహా వేడి. స్టార్ట్ చేయగానే దాని సన్నటి దారుల్లోకి చప్పున వెళ్ళేది పలచటి ఆయిలే. ఇంజెక్షనంటే పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మడం, అంతే. ఇలాంటి ఇంజిన్లో తగని ఆయిల్ పోస్తే, స్పార్క్ పడకముందే పెట్రోలు భగ్గుమని పిస్టన్ పగలొచ్చు. కారు పుస్తకంలో చిక్కదనం గుర్తు 0W-20, నాణ్యత గుర్తు API SP అని ఉంటుంది. డబ్బా మీద ఆ రెండూ చూసి కొనండి. నాలుగున్నర లీటర్లు పడుతుంది.

మీ బావమరిది

తా.క. వేరే నూనె చుక్క కూడా కలపకండి.

బావమరిదికి,

పుస్తకంలో ఉన్నదే కొన్నాను, సంతోషమేనా? బుధవారం పాత ఆయిలంతా దించేశాను. కొత్తది తొమ్మిది అరలీటరు సీసాల్లోకి వంపి చీటీలు అంటించాను: ‘పూటకొక సీసా, కుదిపి పోయవలెను.’ ఖాళీ కడుపులో నాలుగున్నర లీటర్లు ఒకేసారి పట్టిస్తారా ఎవరైనా? వంగితే నా మోకాళ్ళు కిర్రుమంటున్నాయని పోసే డ్యూటీ మీ అక్కకిచ్చాను. పూటపూటా ఖాళీ సీసా తెచ్చి చూపిస్తోంది. డోసు పడ్డాక కాసేపు ఇంజిన్ తిప్పమన్నాను. మందు ఒంటికి పట్టాలిగా!

మీ బావ

తా.క. నా మోకాళ్ళ నూనె కూడా అలాంటి సీసాలోనే, అదే అలమరలో ఉంది. కొన్ని చీటీలు ఊడాయిలే, నాకు తెలియదా ఏది ఏదో!

బావగారూ!

ఇంజిన్ తిప్పకండి! అరలీటరుతో తిప్పితే నిమిషాల్లో బిగుసుకుపోతుంది. ఉన్న సీసాలన్నీ ఇప్పుడే పోసెయ్యండి. సోమవారం అక్క బస్సులో వెళ్ళినా ఫర్వాలేదు.

తా.క. పోసేముందు ప్రతి సీసా వాసన చూడమనండి!

బావమరిదికి,

నీ కేకల ఉత్తరం మంగళవారం చేరింది. సోమవారమే మీ అక్క దర్జాగా వెళ్ళొచ్చింది. ఇంజిన్ ఉందో లేదో తెలియనంత మెత్తగా నడిచిందట. తొమ్మిది ఖాళీ సీసాలు నా కళ్ళముందున్నాయి. కోర్సు పూర్తి, రోగి క్షేమం. ఇకనైనా షెడ్డులో డోసుల పద్ధతి మొదలుపెట్టు. విచిత్రమేమిటంటే, నా మోకాళ్ళు కూడా కుదుటపడ్డాయి. మెట్లు చకచకా ఎక్కేస్తున్నాను.

మీ బావ

తా.క. తమ్ముడూ, నేను అక్కని. ఈయన ఉత్తరాలు పోస్టు చేసేది నేనేగా, అన్నీ చదివాను. మొదటి పూటే అన్నీ ఒకేసారి పోసేసి, ఖాళీ సీసాలు సీటు కింద దాచి, పూటకొకటి తెచ్చి చూపించాను. రిటైరయ్యాక ఆ మొహంలో అంత ఉత్సాహం చూడలేదురా, కాదనలేకపోయాను. తొమ్మిదో సీసా మాత్రం కర్పూరం వాసన వేస్తే ఆ నూనె వేరే గిన్నెలోకి వంపి దాచి, ఇంకో అరలీటరు కొని పోశాను. అంటే వారంగా ఈయన మోకాళ్ళకు రాస్తున్నదేమిటో నీకర్థమైందిగా? నిన్న ఈయన ఈ ఉత్తరం ముగించాక, చడీచప్పుడు లేకుండా ఈయన సీసాలో అసలు నూనె పోసిపెట్టాను. ఇవాళ పొద్దున్నుంచి మళ్ళీ కిర్రుమంటున్నాయట.